ప్రధాని ఇంటి కారు బాకీ

కారు ధర 12,000 రూపాయలు. బ్యాంకు ఖాతాలో ఉన్నది 7,000.

ఢిల్లీలో 10 జన్‌పథ్ ఇంట్లో ఈ రెండు అంకెలూ పక్కపక్కన నిలబడిన రోజున ఆ ఇంటి పెద్ద ఈ దేశానికి ప్రధానమంత్రి. 1964 జూన్ 9న పదవి చేపట్టిన లాల్ బహదూర్ శాస్త్రికి అప్పటికి అరవై ఏళ్లు నిండబోతున్నాయి. రైల్వే, రవాణా, వాణిజ్యం, హోం శాఖలు చూసి వచ్చిన మనిషి. సొంత ఇల్లు లేదు. సొంత వాహనం లేదు. తేడా 5,000 రూపాయలు. దాన్ని ఎలా పూడ్చాలి, అసలు పూడ్చాలా, కారు మాట మానుకోవాలా అన్నది ఆయన తేల్చుకోవాల్సి వచ్చింది.

స్కూటరు కొనాలనుకునే గుమస్తా ఇంట్లోనూ, కొత్త కారు బుక్ చేయాలా వద్దా అని మూడు ఆదివారాలుగా వాదించుకుంటున్న భార్యాభర్తల మధ్యా ఉండేది ఇదే లెక్క. అంకెలు మారతాయి, అంతే. అందుకే ఈ గాథను మళ్లీ మొదటినుంచి చెప్పుకోవాలనిపించింది. ఇందులోని అంకెలూ సంఘటనలూ ఆయన కుమారులు అనిల్ శాస్త్రి, సునీల్ శాస్త్రి ఏళ్ల తరబడి చెబుతూ వచ్చినవి. కొన్ని ఆయన దగ్గర పత్రికా వ్యవహారాలు చూసిన కులదీప్ నయ్యర్ రాసినవి. ఆ ఇంటివాళ్ల మనసుల్లో ఏం నడిచి ఉంటుందన్నది మాత్రం నా ఊహ. ఊహించిన చోట ఊహ అనే చెబుతాను.

*

గొడవ పిల్లల దగ్గర మొదలైంది.

శాస్త్రి పిల్లలు సెయింట్ కొలంబాస్ స్కూలుకు గుర్రబ్బండిలో వెళ్లేవారు. ఢిల్లీలో దాన్ని టాంగా అంటారు, మన దగ్గర జట్కా. ఎప్పుడో ఒకసారి ఆఫీసు కారు ఎక్కనిచ్చేవారే కానీ, సొంత పనులకు రోజూ వాడుకోవడానికి నాన్న ఒప్పుకునేవారు కాదని అనిల్ శాస్త్రి చెప్పారు. మంత్రి పిల్లలుగా ఉన్నప్పుడు ఆ టాంగా సరిపోయింది. నాన్న ప్రధానమంత్రి అయ్యాక ఇంట్లో ఒక కోరిక గట్టిగా తలెత్తింది: మనకూ ఒక కారు ఉండాలి.

అప్పుడు ఏ మాటలు దొర్లాయో ఊహించడం కష్టం కాదు. వాహనం లేని ప్రతి ఇంట్లోనూ అవే మాటలు. “అందరికీ ఉంది, మనకే లేదు.” “ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు?” “ఎన్నాళ్లని ఇలా?” పిల్లలు తండ్రితో నేరుగా అనలేని మాటలను తల్లితో అంటారు. తల్లి వాటిని సమయం చూసి, కొంచెం మెత్తబరిచి, తండ్రి చెవిన వేస్తుంది. 10 జన్‌పథ్‌లోనూ ఈ దారిలోనే విన్నపం వెళ్లి ఉంటుందని నా నమ్మకం.

ఇంటి ముందు కారు లేక కాదు. ప్రధానికి ప్రభుత్వం ఇచ్చిన షెవ్రోలే ఇంపాలా ఉండేది. పడవంత పొడుగు బండి. సునీల్ శాస్త్రి యువకుడిగా ఉన్నప్పుడు ఒక రాత్రి ఆ బండిని ఇంట్లో చెప్పకుండా బయటికి తీశారు. మర్నాడు సంగతి తండ్రికి తెలిసింది. ఆయన కొడుకు మీద అరవలేదు. డ్రైవరును పిలిచి, బండి ఎంత దూరం తిరిగిందో లాగ్ పుస్తకంలో రాస్తావా అని అడిగారు. రాస్తానన్నాడు డ్రైవరు. ఆ కిలోమీటర్లను సొంత వాడకంగా రాయించి, అందుకు అయ్యే డబ్బును ఇంట్లోంచి ప్రభుత్వ ఖాతాకు కట్టించారు. ఈ సంగతి సునీల్ శాస్త్రి తానే చాలాసార్లు చెప్పారు. ఆ తర్వాత ఆ ఇంపాలాను సొంత పనికి వాడలేదని కూడా చెప్పారు.

ప్రభుత్వ బండి ముట్టకూడదు. టాంగా ఇక కుదరదు. మిగిలింది సొంత కారు. సొంత కారంటే సొంత డబ్బు. ఈ ఇంట్లో ఎప్పుడూ చాలనిది అదే.

*

శాస్త్రికి డబ్బు విలువ పుస్తకాల్లో తెలిసింది కాదు. ఏడాదిన్నర వయసులో తండ్రి పోయాడు. తల్లి పుట్టింటి పంచన పెరిగారు. కాశీ విద్యాపీఠంలో చదివి, లాలా లజపతిరాయ్ స్థాపించిన లోక్‌సేవక్ మండల్‌లో జీవిత సభ్యుడిగా చేరారు. ఆ సంస్థ ఇచ్చే కొద్దిపాటి భృతే ఇంటికి ఆధారం. ఆ రోజుల నాటి ఒక సంగతిని ఆయన జీవితం గురించి చెప్పేవాళ్లంతా చెబుతారు. జైల్లో ఉండగా, సంస్థ పంపే 50 రూపాయలు ఇంటికి సరిపోతున్నాయా అని భార్యను ఉత్తరంలో అడిగారు. సరిపోతున్నాయి, నలభై ఖర్చయి పది మిగులుతున్నాయి అని లలితాదేవి సంతోషంగా రాశారు. శాస్త్రి వెంటనే సంస్థకు ఉత్తరం పెట్టారు: మా ఇంటికి 40 చాలు, ఆ పదీ అవసరమున్న మరొకరికి ఇవ్వండి.

ఈ కథ విన్నప్పుడల్లా నా మనసు లలితాదేవి వైపే వెళుతుంది. ఆ పది రూపాయలు మిగల్చడానికి ఆమె వంటింట్లో ఏమేం మానుకుని ఉంటారు? దాచుకున్న డబ్బు అలా పోయినందుకు ఆమె ఏమనుకున్నారో ఎవరూ రాయలేదు. కానీ ఇరవై ఏళ్ల తర్వాత ఆ ఇంట్లో కారు లెక్క వేసేటప్పుడు మిగులు అంటే ఏమిటో ఎరిగిన మనిషి ఆమే. చివరికి ఈ కథ భారమంతా ఆమె మీదే పడింది.

శాస్త్రి పదవులను ఎలా చూశారో తెలుగువాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. 1956 సెప్టెంబరులో మన మహబూబ్‌నగర్ దగ్గర వంతెన కూలి రైలు పడిపోయింది. వందమందికి పైగా చనిపోయారు. రైల్వే మంత్రిగా ఆయన రాజీనామా ఇచ్చారు. నెహ్రూ అంగీకరించలేదు. నవంబరులో తమిళనాట అరియలూరు దగ్గర మరో ఘోరం జరిగింది. ఈసారి రాజీనామా ఇచ్చి వెనక్కి తీసుకోలేదు. తన ఖాతాలో పడిన బాధ్యతను మరొకరి ఖాతాకు మార్చడం ఆయనకు చేతకాని పని.

1963లో కామరాజ్ ప్రణాళిక కింద హోం మంత్రి పదవి వదులుకున్నప్పుడు ఆ ఇల్లు ఎలా ఉండేదో కులదీప్ నయ్యర్ రాశారు. ఒక సాయంత్రం వెళితే ఇల్లంతా చీకటి. ఒక్క ముందు గదిలోనే దీపం. ఇప్పుడు కరెంటు బిల్లు నేనే కట్టుకోవాలి కదా అన్నారట శాస్త్రి. పార్లమెంటు సభ్యుడి జీతంతో ఇల్లు గడవక కూరలు తగ్గించారు. ఆలుగడ్డల ధర పెరిగిందని వాటిని తినడం మానేశారు. నయ్యర్ సాయంతో పత్రికలకు వ్యాసాలు రాసి నాలుగు రూపాయలు సంపాదించారు. దేశానికి హోం మంత్రిగా ఉన్న మనిషి, పదవి దిగిన కొద్ది కాలానికే!

అంటే బ్యాంకులో కనిపిస్తున్న ఆ 7,000 రూపాయలు మామూలు ఏడు వేలు కావు. ఒక జీవితకాలపు మిగులు.

*

కారు ధర కనుక్కోమని ఆయన ప్రత్యేక సహాయకుడు వి.ఎస్.వెంకటరామన్‌కు చెప్పారు. వెంకటరామన్ విచారించి వచ్చారు. కొత్త ఫియట్ 12,000.

ఆ రోజుల్లో మన దేశంలో కారు అంటే దాదాపు మూడే పేర్లు: అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్ హెరాల్డ్. ఫియట్ 1100ను బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్లు తయారుచేసేవారు. తర్వాతి కాలంలో పద్మిని పేరుతో బొంబాయి టాక్సీగా తిరిగిన బండి ఆ వంశంలోదే. 1,089 సీసీ ఇంజను, స్టీరింగు పక్కనే గేరు కర్ర. చిన్న కుటుంబానికి సరిపోయే బండి, ఆడంబరం లేనిది. సామాన్యుడు డబ్బు చేతిలో పట్టుకున్నా, పేరు నమోదు చేయించుకుని ఏళ్ల తరబడి వంతు కోసం ఎదురుచూడాల్సిన కాలమది.

ఇప్పుడు ఆయన స్థానంలో నిలబడి చూద్దాం. ఇక్కడినుంచి కొంత నా ఊహ.

కారు వద్దనడం అన్నిటికంటే తేలిక. ఆయన జీవితమంతా చేసింది అదే, వద్దనడం. “అప్పు చేసి పప్పుకూడు” అన్న సామెతను 1959లో మన వాళ్లు సినిమా పేరుగా పెట్టుకున్నారు. ఆ తరానికి అప్పు అంటే అంత భయం, సిగ్గు కూడా. వద్దంటే పరువు పోయేదేమీ లేదు. దేశం ఇంకా మెచ్చుకునేది కూడా. కానీ ఇంట్లో వాళ్లు కోరింది విలాసం కాదని ఆయనకు తెలుసు. తన నియమానికి పిల్లలు ఎన్నేళ్లు ధర చెల్లించాలి? తనకు తాను పెట్టుకున్న కట్టుబాటు వేరు, ఇంటిల్లిపాది మీద పెట్టే కట్టుబాటు వేరు. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడుందో ఆయన ఆ రోజు వెతుక్కుని ఉంటారు.

ఇంకా కూడబెట్టి, 12,000 పూర్తయ్యాక కొనడం మరో దారి. ఏడు వేలు కూడడానికే అన్నేళ్లు పట్టిన ఇంట్లో మిగతా ఐదు వేలు ఎప్పటికి కూడుతాయి? ఆ లోపు పిల్లలు బడి దాటిపోతారు.

మూడోది పదవిలో ఉన్న ప్రతివాడికీ తెలిసిన దారి. ప్రధానమంత్రికి కారు అవసరమని తెలిస్తే కంపెనీ వాళ్లో, ఎవరో ఒక శ్రేయోభిలాషో గుమ్మం ముందు నిలబెట్టి వెళ్లేవారు. అడగక్కర్లేదు, చెవిన పడితే చాలు. ఇంపాలా కిలోమీటర్లకు డబ్బు కట్టిన మనిషి ఆ దారి వైపు చూసి ఉంటారని నేను అనుకోను.

మిగిలింది అప్పు. శాస్త్రి దాన్నే ఎంచుకున్నారు. పంజాబ్ నేషనల్ బ్యాంకుకు 5,000 రూపాయల రుణం కోసం దరఖాస్తు పెట్టారు. ఆ బ్యాంకు అప్పటికి ప్రైవేటుదే. జాతీయం కావడం 1969 జులైలో. 1894లో లాహోరులో పుట్టిన ఆ స్వదేశీ బ్యాంకు వెనుక ఉన్నవాళ్లలో లాలా లజపతిరాయ్ ఒకరు. ఆయన సంస్థ ఇచ్చిన 50లోంచి పది వెనక్కి పంపిన శిష్యుడు, ఆయన నిలబెట్టిన బ్యాంకులో ఇప్పుడు అప్పు అడుగుతున్నాడు. రుణం ఆ రోజే మంజూరైందని కుటుంబం చెబుతుంది.

కారు వచ్చింది. 1964 మోడల్ ఫియట్, నంబరు డీఎల్‌ఈ 6.

ఆ నిర్ణయం సరైనదేనని నేను గట్టిగా నమ్ముతాను. అప్పు లేకుండా బతకడం గొప్ప సంగతే. కానీ అప్పు అనే మాటకే దణ్ణం పెట్టి ఇంటివాళ్ల న్యాయమైన అవసరాన్ని పక్కకు నెట్టేస్తే, ఆ గొప్పతనం ఖర్చు ఇంటివాళ్ల మీద పడుతుంది. శాస్త్రి అప్పు చేశారు. అయితే ఎలాంటి అప్పు? ముందు సగానికి పైగా చేతిలో పెట్టుకుని చేసిన అప్పు. బ్యాంకుకు వెళ్లకముందే పన్నెండింట్లో ఏడు వంతులు తనవి. తాకట్టు పెట్టింది హోదాను కాదు, జీతాన్ని. కొన్నది కూడా తన పదవికి తగిన బండి కాదు, తన జేబుకు తగిన బండి.

*

ఆ బాకీ తీర్చడానికి కాలం ఆయనకు వ్యవధి ఇవ్వలేదు.

1965 దేశానికి గడ్డు సంవత్సరం. వానలు లేవు, తిండిగింజలు లేవు. అమెరికా గోధుమల ఓడల కోసం ఎదురుచూపులు. సోమవారం సాయంత్రం ఒక పూట భోజనం మానమని శాస్త్రి ప్రజలను అడిగారు. అడగకముందు తన ఇంట్లో అమలు చేసి చూశారు. ఆగస్టులో మొదలైన పాకిస్తాన్ యుద్ధం సెప్టెంబరు 23న కాల్పుల విరమణతో ఆగింది. జై జవాన్, జై కిసాన్ నినాదం ఊరూరా మోగింది. ఆయన మంత్రివర్గంలో మన నీలం సంజీవరెడ్డి ఉక్కు, గనుల శాఖ చూస్తున్నారు. ఇంతటి ఒత్తిడి నడుమ ఒక మనిషి సొంత కారు బాకీ గురించి ఆలోచించే తీరిక ఎంత ఉంటుంది?

1966 జనవరి 3న తాష్కెంట్ వెళ్లారు. సోవియట్ ప్రధాని కొసిగిన్ మధ్యవర్తిత్వంలో అయూబ్ ఖాన్‌తో చర్చలు సాగాయి. 10వ తేదీన ఒప్పందం మీద సంతకాలయ్యాయి. ఆ రాత్రి శాస్త్రి ఢిల్లీ ఇంటికి ఫోన్ చేశారు. యుద్ధంలో మన సైన్యం గెలుచుకున్న హాజీ పీర్‌ను తిరిగి ఇచ్చేశారన్న బాధతో లలితాదేవి ఫోన్ దగ్గరికి రాలేదని కులదీప్ నయ్యర్ రాశారు. కుమార్తె మాట్లాడింది. భార్యతో మాట్లాడకుండానే ఆయన ఫోన్ పెట్టేశారు.

కొన్ని గంటలకు, 11వ తేదీ తెల్లవారకముందే, ఆయన గుండె ఆగిపోయింది.

భారతరత్న ఇచ్చారు. యమున ఒడ్డున విజయ్ ఘాట్ వెలిసింది. ఫియట్ ఇంటి దగ్గరే ఉంది. బ్యాంకు పుస్తకంలో బాకీ అలాగే ఉంది.

*

లలితా శాస్త్రి అప్పుడు ఏం చేయవచ్చో కూడా చూద్దాం. కారు అమ్మేయవచ్చు. ఏళ్ల తరబడి వంతు కోసం జనం నిలబడే రోజుల్లో కొనేవాళ్లకు కొదవ లేదు. ప్రధానమంత్రి నడిపించిన బండి అంటే అడిగినంత ఇచ్చేవాళ్లూ ఉంటారు. కాదంటే, ఎవరూ వేలెత్తి చూపని దారి మరొకటి తెరుచుకుంది. శాస్త్రి తర్వాత ప్రధాని అయిన ఇందిరా గాంధీ ప్రభుత్వం తరఫున ఆ బాకీ మాఫీ చేయించే ప్రతిపాదన తెచ్చారని, అమ్మ ఒప్పుకోలేదని అనిల్ శాస్త్రి చెప్పారు.

ఆమె కట్టారు. తనకు వచ్చిన పింఛనులోంచి, భర్త పోయాక నాలుగేళ్ల పాటు కట్టారు.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. ఆ సంతకం ఆమెది కాదు. తాష్కెంట్‌లో భర్త మరో కాగితం మీద చేసిన సంతకంతో ఆమెకు ఏకీభావం లేదు, ఆ రాత్రి ఫోన్ దగ్గరికి కూడా రాలేదు. అయినా బ్యాంకు కాగితం మీద ఆయన సంతకాన్ని తన సంతకంగా మోశారు. పదవి ఉన్నప్పుడు వద్దన్న ప్రభుత్వ డబ్బును, ఆయన పోయాక అదే కారు కోసం తీసుకుంటే ఆయన కట్టిన ఇంపాలా కిలోమీటర్లకు అర్థం ఏముంటుంది? ఆమె మనసులో ఇదే ఉండి ఉంటుందని నాకు అనిపిస్తుంది. నలభై ఖర్చుపెట్టి పది మిగల్చగలిగిన ఇల్లాలు కాబట్టే ఆమె ఆ బాకీ తీర్చగలిగారు. ఈ కథలో అసలైన నాయిక లలితా శాస్త్రి. మనం ఇన్నేళ్లుగా దీన్ని శాస్త్రి నిజాయితీ కథగా మాత్రమే చెప్పుకుంటూ వచ్చాం. అది ఆవిడకు చేసిన అన్యాయం.

ఆ ఫియట్ అమ్ముడుపోలేదు. తర్వాత తాను ఉద్యోగరీత్యా ఏ ఊరు వెళ్లినా ఆ కారు తన వెంట వచ్చిందని అనిల్ శాస్త్రి చెప్పారు. ఇప్పుడది ఢిల్లీలో లాల్ బహదూర్ శాస్త్రి స్మారకంలో ఉంది.

*

ఈ గాథను దండ వేసి గోడకు తగిలించేస్తే దానివల్ల మన ఇంటికి ఉపయోగం లేదు. అందుకే ఆ ఇంటి లెక్కను ఈనాటి షోరూము బల్ల మీద పెట్టి చూశాను.

పది లక్షల కారు అనుకుందాం. ఇవాళ బ్యాంకులు ధరలో 80, 90 శాతం దాకా అప్పు ఇస్తున్నాయి. ఏడేళ్ల గడువు కూడా ఇస్తున్నాయి. లక్ష కట్టి తొమ్మిది లక్షలు అప్పు తీసుకుంటే, 9 శాతం వడ్డీ మీద ఏడేళ్లకు నెల వాయిదా సుమారు 14,480 రూపాయలు. మొత్తం కట్టేది 12 లక్షల 16 వేలు. అంటే వడ్డీయే మూడు లక్షల పైచిలుకు.

అదే కారును శాస్త్రి లెక్కన కొంటే? పన్నెండింట్లో ఏడు వంతులు మనవి, ఐదు వంతులు అప్పు. అప్పు 4 లక్షల 17 వేలు. అదే 9 శాతం మీద మూడేళ్లలో తీర్చేస్తే నెల వాయిదా సుమారు 13,250. వడ్డీ మొత్తం 60 వేల చిల్లర. నెలకు జేబులోంచి పోయేది దాదాపు అంతే. కానీ ఒక ఇల్లు మూడేళ్లకు బయటపడుతుంది, మరో ఇల్లు ఏడేళ్లు మోస్తుంది. ఏడేళ్లంటే ఐదో తరగతి పిల్లవాడు ఇంటర్ పూర్తిచేసే కాలం. ఆ లోపు ఉద్యోగం మారవచ్చు, జబ్బు రావచ్చు, ఇంట్లో పెళ్లి రావచ్చు.

షోరూములో మనకు వినిపించేది నెల వాయిదా ఒక్కటే. “నెలకు ఇంతే కదా సార్” అంటారు. ఏడేళ్లలో మొత్తం ఎంత అని మనం అడగం, వాళ్లు చెప్పరు. బండి ధరకు తోడు లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషను, ఏటా బీమా, సర్వీసు, పెట్రోలు కూడా కలపాలి. అది కలిపాక కూడా జీతంలో మిగులు ఉంటేనే ఆ కారు మనది.

ఆ ఏడు వంతులు చేతిలో లేకపోతే? అక్కడ నా అభిప్రాయం సూటిగా చెబుతాను. కారు ఆపండి. పాత బండి నడుస్తున్నంత కాలం నడపండి, రాబోయే వాయిదా ఎంతో అంత ప్రతినెలా పక్కన పెట్టండి. ఏడాది పాటు అలా పెట్టలేకపోతే ఏడేళ్ల వాయిదా కట్టలేమని ముందే తెలిసిపోయినట్టే. ఆటో, ట్రాక్టరు, సరుకుల బండి లాంటివి వేరే కోవ. అవి సంపాదించి పెట్టే వాహనాలు కాబట్టి వాటి అప్పుకు లెక్క వేరు. ఇంటి కారు ఒక్క రూపాయి తేదు. ప్రతి నెలా తీసుకుపోతుంది.

మరొకటి, 10 జన్‌పథ్ నుంచి నేర్చుకోవాల్సిన అసలు సంగతి. సంతకం చేసిన మనిషి రేపు లేకపోతే ఆ బాకీ ఎవరు తీరుస్తారు? చట్టప్రకారం చనిపోయిన మనిషి అప్పుకు వారసులు తమకు సంక్రమించిన ఆస్తి మేరకే బాధ్యులు, తమ సొంత సంపాదనతో కట్టాలని బలవంతం లేదు. కానీ బండి ఆర్సీ మీద ఫైనాన్సు పేరు ఉంటుంది కాబట్టి వాయిదాలు ఆగితే బండి తీసుకుపోయే హక్కు వాళ్లకు ఉంటుంది. హామీ సంతకం చేసినవాళ్లకు, ఉమ్మడిగా అప్పు తీసుకున్నవాళ్లకు ఈ రక్షణ కూడా లేదు. అప్పుకు జీవిత బీమా జత చేసుకునే వీలుంది. తీసుకోవడం తప్పనిసరి కాదు, కానీ ఇంట్లో ఒక్కరే సంపాదిస్తుంటే దాని ఖర్చెంతో తప్పక అడగండి. గడువుకు ముందే తీరిస్తే అపరాధ రుసుము ఎంతో అడగండి. తీర్చిన రోజున బ్యాంకునుంచి నిరభ్యంతర పత్రం, ఫారం 35 తీసుకుని ఆర్టీఏ ఆఫీసులో ఆర్సీ మీద ఫైనాన్సు పేరు తీయించుకోండి. చాలామంది బాకీ తీర్చి ఈ పని మరిచిపోతారు. బండి అమ్మబోయినప్పుడు తిప్పలు పడతారు.

మన ఇళ్లలో ఎంతమంది భార్యలకు భర్త పేరు మీద ఎంత అప్పుందో తెలుసు? ఎంతమంది తల్లిదండ్రులకు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న కొడుకు ఎన్ని వాయిదాలు కడుతున్నాడో తెలుసు? బాధపెట్టడం ఎందుకని చెప్పం. ఏదైనా జరిగాక బ్యాంకు నుంచి వచ్చే ఫోన్ ద్వారా వాళ్లకు తెలుస్తుంది. లలితా శాస్త్రికి ఆ 5,000 సంగతి మొదటినుంచీ తెలుసు. కారు అడిగింది ఆ ఇల్లు, బ్యాంకులో ఎంతుందో తెలిసింది ఆ ఇంటికి, అప్పు తీసుకున్నదీ ఇంటికి తెలిసే. ఆమె తన పింఛనును ఆ బాకీకి కేటాయించగలిగింది అందుకే.

కొత్త బండి కోసం ఈ నెలలోనో వచ్చే పండక్కో షోరూముకు వెళ్లబోతున్నవాళ్లకు ఒకటే విన్నపం. రుణపత్రం మీద సంతకం చేసే ముందు దాన్ని ఒక రోజు ఇంటికి తెచ్చుకోండి. అసలు ఎంత, వడ్డీ ఎంత, ఎన్నేళ్లు, మీరు లేకపోతే ఎవరు కట్టాలి అన్న నాలుగు సంగతులూ భార్యకో, భర్తకో, సంపాదనలో చేయి వేస్తున్న అమ్మానాన్నలకో చదివి వినిపించండి. వాళ్లు సరేనన్నాకే వెళ్లి సంతకం పెట్టండి.